ఇంట చూచిన చిత్రములు



నేను ముప్పదియేడు సంవత్సరములు గ్రామ పాఠశాలలలో తెలుగు బోధించి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడను. చిన్ననాట తాతగారియొద్ద అమరమును, రఘువంశమును వల్లించి, పిమ్మట ప్రాచ్య కళాశాలలో చదివి భాషాప్రవీణ పట్టమును పొందితిని. అట్టివాడు చలనచిత్రములనుగూర్చి మాటాడుటకు వచ్చినాడన్న మీలో కొందరికి నవ్వు రావచ్చును. నా శిష్యులెవరైన వినుచున్నచో వారికి నవ్వు రాక మానదు. ఏలయన, తరగతిలో సినిమా మాట యెత్తినవానిని నేను బల్లమీద నిలువబెట్టిన దినములు వారికి జ్ఞాపకముండును.

జరిగినదేమో చెప్పెదను. గడచిన యేడు మా యింటియామెకు మోకాళ్ళ నొప్పి హెచ్చి గడప దాటుట కష్టమైనది. దసరా సెలవులకు వచ్చిన మనుమడు తన చేతిఫోనును మా టెలివిజనుతో జతపరచి, "నాయనమ్మా, నువ్వు చిన్నప్పుడు చూసిన సినిమా పేరొకటి చెప్పు, పెడతాను" అనెను. ఆమె యాలోచింపకయే "మాయాబజారు" అనెను. నేను లేచి అరుగుమీదికి పోబోయితిని. "మీరూ కూర్చోండి. ఒక్క పూటకి మీ పాండిత్యమేమీ తరిగిపోదు" అని ఆమె యనుటచే కూర్చుంటిని. ఆ కూర్చుండుట వలన నాకు కలిగిన లాభమును, సిగ్గును మీతో పంచుకొనవలెనని వచ్చితిని.

'మాయాబజారు' 1957 సంవత్సరమున విజయా సంస్థవారు నిర్మించిన చిత్రము. దర్శకులు కె. వి. రెడ్డిగారు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావుగారివి. ఈ చిత్రముపై నాకు చిరకాలముగా నొక ఆక్షేపణ కలదు. వ్యాసభారతమున అభిమన్యునకు ఉత్తరతోడి వివాహమే కాని శశిరేఖ యన్న కన్య లేనేలేదు. లేని కథను చూపి జనులను భ్రమపెట్టుచున్నారని బడిలో పలుమారు చెప్పియుంటిని. కాని తోలుబొమ్మలవారును, సురభి నాటక సమాజములవారును ఈ కథను ఎంతకాలమునుండి ఆడుచున్నారు! మా తాతగారు సైతము గుడి ముందర తెల్లవారుదాక కూర్చుండి బొమ్మలాట చూచినవారే. బొమ్మలవానికి లేని దోషము తెరకు మాత్రము ఎట్లు వచ్చును? కావున ఆ యాక్షేపణను నేను ఉపసంహరించుకొనుచున్నాను.

ఆ చిత్రమునందు మాయాశశిరేఖయై వచ్చిన ఘటోత్కచుని సావిత్రిగారు నటించిన తీరు చూడదగినది. రూపము సుకుమారమైన కన్యది. చూపు, నడక రాక్షసునివి. ఎస్. వి. రంగారావుగారి ఘటోత్కచుని చూచి, ఆ నడకనే ఆమెయందు మరల చూచినపుడు, నటన యననేమో నాకు బోధపడినది. మరియొక విశేషమును మనుమడు కనిపెట్టెను. కథ యంతయు పాండవులకు సంబంధించినదే యైనను పాండవులలో ఒక్కరును తెరమీద కానరారు! నలుబది యేండ్లు పాఠము చెప్పిన నాకంటె పదునాలుగేండ్ల బాలుడు ముందుగ దానిని గుర్తించెను. ఈ చిత్రమును 2010 లో రంగులద్ది మరల విడుదల చేసిరి. అదియును దొరకును గాని, నా మాట విందురేని మొదటి నలుపు తెలుపు ప్రతినే చూడుడు. మార్కస్ బార్ట్లీగారు చిత్రించిన ఆ వెన్నెలకు వేరు రంగు అక్కరలేదు.

ఇక సిగ్గుపడిన విషయము. ఆ చిత్రమున రాక్షసులు కొత్తమాటలు పుట్టింతురు. అస్మద్ శబ్దమునుండి 'అస్మదీయ' మన్నది వచ్చును, మనవారని యర్థము. తద్ శబ్దమునుండి 'తదీయ' మన్నది రావలెను. ఆ రాక్షసులు వ్యాకరణ మెరుగరు గనుక 'తసమదీయులు' అందురు; పగవారని వారి భావము. ఘటోత్కచుడు ఆ మాటను విని కోపింపడు. మాటలు మరి ఎవరో ఒకరు పుట్టింపవలెను గదా యని సంతోషించి, పుట్టించినవానికి వీరతాళ్ళు వేయించును. మా యింట అందరును నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు.

ఏలయన, 1984 ప్రాంతమున మా యూరి చివర తాటితోపు ప్రక్కను టూరింగు టాకీసువారు డేరా వేసిరి. ఎనిమిదవ తరగతి బాలుడొకడు 'మా ఊరి కబడ్డీ పోటీ' అని వ్యాసము వ్రాయుచు, పొరుగూరి జట్టువారిని 'తసమదీయులు' అని వ్రాసెను. నేను తరగతిలో ఆ మాటను బిగ్గరగ చదివి, ఇది యే నిఘంటువున నున్నదని అడిగితిని. వాడు తల వంచుకొని, రాత్రి నేల టిక్కెట్టుతో చూచిన సినిమాలోనిదని చెప్పెను. రెండు అరచేతులమీదను బెత్తముతో కొట్టి, 'తదీయులు' అని నూరుమారులు వ్రాయించితిని. వ్యాకరణమును రక్షించితినని ఆ దినమున తృప్తితో భోజనము చేసితిని. వాని వ్యాసము తరగతియం దన్నింటికంటె బాగుగ నున్నదని నాకు అప్పుడును తెలియును. ఆ మాటను మాత్రము వానితో అనలేదు.

ఆనాటినుండి మా యింట వారమున కొకటి చొప్పున చిత్రములు చూచుచున్నాము. వానిలో మీకు చెప్పదగినవి మరి మూడు గలవు.

మొదటిది 'మల్లీశ్వరి'. వాహినీవారి చిత్రము, 1951 లోనిది. బి. ఎన్. రెడ్డిగారు దర్శకులు, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మాటలు, పాటలు వ్రాసిరి, సాలూరు రాజేశ్వరరావుగారు సంగీతము కూర్చిరి. కృష్ణదేవరాయల కాలపు కథ. వానవేళ మారువేషమున నున్న రాయలతో నాగరాజు పరిహాసమునకు, తన మరదలిని రాణివాసమునకు పల్లకి పంపి పిలిపింపుడని యనును. ఆ పల్లకి నిజముగ వచ్చును. నడక మెల్లన, అరగంట గడచునప్పటికి మనుమడు ఆవులించెను. పల్లకి గుమ్మమున దిగినచోట చిత్రమును ఆపించి, "తప్పెవరిది?" అని అడిగితిని. వాడు లేచి కూర్చుండి, రాజుదే తప్పనెను. ధనముపై నాశపడిన తల్లిదని నేనంటిని. మా యింటియామె మాత్రము, "ఎవరి తప్పో సరే, ఇంతమందిలో ఒక్కరైనా ఆ పిల్లనడిగారా?" అనెను. ఎన్ని ప్రబంధములు చదివినను నాకీ ప్రశ్న తోచలేదు. మిగిలిన చిత్రమును మరునాడు చూచితిమి, ఎవరును ఆవులింపలేదు. ఇంట చూచుటలోని సౌకర్యమిదియే. డేరాలో రీలు తెగినపుడే విరామము. ఇంటిలో మాట పుట్టినపుడెల్ల విరామము.

రెండవది 'మాలపిల్ల'. ఇది 1938 నాటిది. గూడవల్లి రామబ్రహ్మంగారు దర్శకులు, కథ చలంగారిది. తాపీ ధర్మారావుగారు సంభాషణములను జనులాడు భాషలోనే వ్రాసిరి; గ్రాంథికమున పెరిగిన నాకును ఆ మాటలు కృత్రిమములుగ తోపలేదు. బ్రాహ్మణ యువకునకును, హరిజన కన్యకును కలిగిన ప్రేమ, దానితోపాటు దేవాలయ ప్రవేశ సమస్య ఇందలి విషయము. మదరాసు రాజధానిలో ఆలయ ప్రవేశమునకు సంబంధించిన శాసనము 1939 లో వచ్చినది. ఈ చిత్రము దానికి ముందటి యేటిది. బొమ్మ మసకబారినది, ధ్వనియు నక్కడక్కడ స్పష్టముగ లేదు. ఐనను ఓపికతో చూడుడు. చిత్రము ముగిసిన పిమ్మట మనుమడు, "తాతగారూ, మన ఊళ్ళో కూడా ఇలాగే ఉండేదా?" అని అడిగెను. లేదని చెప్పుట సులభము. నేను కొంతసేపు మిన్నకుండి, ఉండెనని చెప్పితిని. మా పెరటి నూతిని ఎవరు తాకగూడదో, ఎండకాలమున ఎవరు ఎంతసేపు దూరముగ నిలిచి కడవలో నీరు పోయించుకొనిరో, బాల్యమున నేను చూచినదంతయు చెప్పితిని. నా జీవితమున చెప్పిన పాఠములలో అంత కష్టమైనది వేరొకటి లేదు.

మూడవది 'శంకరాభరణము'. కె. విశ్వనాథ్‌గారు 1980 లో తీసినది. శంకరశాస్త్రి పాత్రధారి జె. వి. సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగము చేసినవారు. సంగీతము కె. వి. మహదేవన్‌గారిది. దీనిని మనవంటి పెద్దలు మిక్కిలి ఇష్టముతో చూతురు. చూచి, "ఆ రోజులు పోయినవి, ఈ కాలపు పిల్లలకేమి తెలియును" అని కన్నీరు తుడుచుకొందురు. నేనును మొదట అట్లే చేసితిని. రెండవమారు చూచినపుడు నా పొరపాటు తెలిసినది. శాస్త్రిగారి విద్య కడపట ఎవరికి చేరినది? లోకము వెలివేసిన తులసి కన్న బిడ్డకు. ఆమెను చేరదీసినందులకు ఆయనను విడిచి పోయినవారు నియమనిష్ఠలు గల పెద్దమనుష్యులు. కావున ఆ చిత్రము పిల్లలను నిందించుటకు మన చేతికిచ్చిన కఱ్ఱ కాదు. మనకే చూపిన అద్దము.

ఇన్ని చూచిన పిమ్మట నాకు నిశ్చయమైన దొకటి కలదు. అన్ని చిత్రములును మంచివని నేను చెప్పుటలేదు. నడుమనే ఆపించినవియు కలవు. వాని పేర్లు చెప్పి మీకు కుతూహలము పుట్టింపను. కాని నేడు తెర డేరాలో లేదు, పట్టణమున లేదు. పిల్లవాని అరచేతిలో నున్నది. వలదనిన మాత్రమున అది పోదు. మనము అరుగుమీద కూర్చుండి కాలమును నిందించుచుండగా వాడు గదిలో ఒంటరిగ చూచును. నిషేధించుట సులభము, ప్రక్కన కూర్చుండుట కష్టము. రెండవదియే పెద్దరికము.

అందులకు నేను పాటించు పద్ధతిని చెప్పెదను. తెలియని చిత్రమును పెద్దలలో ఒకరు ముందుగ చూడవలెను. పిమ్మట ఇంటిల్లిపాదియు కలిసి చూడవలెను. ఒక్క దినముననే ముగింపవలెనన్న నియమ మక్కరలేదు. పురాణమును మాత్రము మనము ఒక్క రాత్రిలో ముగించుచున్నామా? సందేహము కలిగినచోట ఆపి మాటాడుకొనవలెను. ఆ మాటాడుటలో చిన్నవారి యభిప్రాయమును ముందుగ వినవలెను. పెద్దవాడు ముందు తీర్పు చెప్పినచో పిల్లవాడు దానినే తిరిగి అప్పగించును. వాని మనసులోని మాట మనకు దక్కదు. ఇది నేను దండము చేతబట్టి పోగొట్టుకొని, ముసలితనమున నేర్చుకొన్న నీతి.

కథ ముగియలేదు. మొన్నటి సంక్రాంతికి ఆ పూర్వపు విద్యార్థి ఊరికి వచ్చెను. ఇప్పుడు వాని కేబది దాటినవి. పొరుగు పట్టణమున బియ్యపు వర్తకము చేయుచున్నాడు. నేనే కబురు పంపి ఇంటికి పిలిచి, కాఫీ ఇప్పించి, ఆ చిత్రమును పెట్టించితిని. ఆ ఘట్టము వచ్చినపుడు ఆపించి, "నాయనా, నాడు నీకు వేయవలసినవి వీరతాళ్ళు. నేను బెత్తపు దెబ్బలు వేసితిని. తప్పు నాది" అంటిని. వాడు నవ్వి, "దెబ్బలెప్పుడో మరిచిపోయానండి మాస్టారూ" అనెను. కొంతసేపటికి మెల్లగ, "కాని ఆ తరవాత ఎప్పుడూ సొంతంగా వ్యాసం రాయలేదండి. గైడులో ఉన్నదే రాసేవాణ్ణి" అనెను.

బెత్తపు దెబ్బ చేతిమీద ఒక పూట యుండును. ఈ దెబ్బ నలుబది యేండ్లున్నది. నేను వ్యాకరణమును రక్షింపబోయి ఒక రచయితను పోగొట్టితినేమో, ఎవరెరుగుదురు? దానికి ప్రాయశ్చిత్తము నాకు తెలియలేదు. పోవునపుడు మా మనుమడు వాని ఎదుట కాగితమును, కలమును పెట్టి, ఆ కబడ్డీ పోటీ యెట్లు జరిగినదో వ్రాసి యిమ్మని అడిగెను. వాడు బిడియపడుచు ఒక పుటకు మించి వ్రాసెను. పొరుగూరివారు అందును తసమదీయులే. నేను చదివితిని; ఒక్క అక్షరమును దిద్దలేదు.

శ్రోతలారా, మీ యింటను టెలివిజను ఉండియుండును, మనుమలును ఉందురు. ఈ వారము ఒక సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండుడు. నేను చెప్పిన నాలుగింటిలో దేనినైన చూడుడు. చూచి, ముందుగ వారిని మాటాడనిండు.

సెలవు.