వచ్చే వారం ఎండ ఎట్లుంటది?

(చెంగిచెర్లలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల ఉగాది సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకుముందే పంతులుగారు పంచాంగ శ్రవణం చేసి ఈ ఏడాది వానలు, పంటల సంగతి వినిపించారు. ఏడాది సంగతి వారు చెప్పారు గనుక నేను వారం రోజులకే పరిమితమవుతాను. ఉద్యోగకాలమంతా వాతావరణ పరిశీలకుడిగా థర్మామీటరు చూసి అంకెలు రాసినవాణ్ణి. రిటైరైన తర్వాత కూడా "సార్, వచ్చే వారం ఎండ ఎట్లుంటది?" అని మన కాలనీలో రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు.

నిజానికి ఆ జవాబు రేడియోలో, టీవీలో, సెల్‌ఫోనులో రోజూ వస్తూనే ఉంది. బేగంపేటలోని వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా రాబోయే రోజుల సూచన ఇస్తుంది. మనకు తెలియనిదల్లా ఆ మాటల లెక్క. ఆ లెక్క తెలిసిన నేనే నిరుడు ఏప్రిల్‌లో మోసపోయాను.

ఆ రోజు 41 డిగ్రీలన్నారు. వడగాడ్పుల హెచ్చరిక లేదు. హెచ్చరిక లేదు కదా అని పన్నెండు గంటలకు పెన్షన్ పని మీద ఉప్పల్ బయలుదేరాను. పని ముగించుకుని బస్సు కోసం నీడ లేని చోట అరగంట నిలబడ్డాను. కళ్లు బైర్లు కమ్మి కూలబడిపోయాను. పక్కన కొబ్బరిబోండాలమ్మే అమ్మ నన్ను నీడకు లాగించి, తడిగుడ్డ మెడకు చుట్టి కాపాడింది. తర్వాత డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "బి.పి.కి నీరు పోయే మాత్ర వేసుకుంటున్నారా?" అని. వేసుకుంటున్నాను. శరీరంలో నీరు ఒకవైపు మాత్రతో, మరొకవైపు చెమటతో పోయింది.

అసలు పొరపాటు ఎక్కడ జరిగిందో చెబుతాను. వడగాడ్పు అనే మాటకు ఒక కొలత ఉంది. మనవంటి మైదాన ప్రాంతంలో గరిష్ఠం 40 డిగ్రీలకు చేరి, ఆ రోజులకు మామూలుగా ఉండే వేడి కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ కావాలి. లేదా ఏకంగా 45కు చేరాలి. హైదరాబాదులో ఏప్రిల్ సగటు గరిష్ఠం సుమారు 38. అంటే 42న్నర దాకా ఆ మాట రాకపోవచ్చు. అరవై అయిదేళ్ల శరీరం అంతవరకు ఆగదు. పైగా ఆ అంకె, నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో కొలిచినది. ఉప్పల్ తారురోడ్డు మీద మనం అనుభవించే వేడి వేరు.

రెండవది వాన మాట. ఎండాకాలం మొదట్లో బంగాళాఖాతం నుంచి తేమగాలి వస్తుంది. విదర్భ నుంచి కర్ణాటక మీదుగా ద్రోణి ఏర్పడితే పగలంతా కాగిన నేల మీద సాయంత్రానికి మబ్బులు లేస్తాయి. గాలి దుమారం, ఉరుములు, ఒక్కోసారి రాళ్ల వాన. "ఒకటి రెండు చోట్ల" అంటే, ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించదని అర్థం. "కొన్ని చోట్ల" అంటే సగం వరకు. "చాలా చోట్ల" అంటే ముప్పాతిక వరకు. నాచారంలో కురిసి చెంగిచెర్లలో చినుకు పడకపోతే సూచన తప్పినట్టు కాదు. అయితే ఉరుము వినబడిందంటే పిడుగు మనదాకా రాగలదు. వెంటనే చెట్టు కింది నుంచి, డాబా మీది నుంచి ఇంట్లోకి రావాలి.

మూడవది రంగులు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే ఇక ఆలస్యం చేయవద్దని. మొదటి రెండు మూడు రోజుల సూచనను గట్టిగా నమ్మవచ్చు. ఆరో రోజు, ఏడో రోజుది మారవచ్చు గనుక ప్రతి ఉదయం మళ్లీ చూసుకోవాలి.

నాలుగవది మనం పట్టించుకోని చిన్న అంకె, కనిష్ఠ ఉష్ణోగ్రత. ఏప్రిల్‌లో మామూలుగా 24 ప్రాంతంలో ఉండేది 27, 28 అయిందంటే రాత్రి కూడా శరీరానికి విశ్రాంతి ఉండదు. మర్నాటి ఎండ రెట్టింపు అలసట తెస్తుంది.

కనుక నా మనవి ఇది. ఆదివారం నాడే వారం సూచన చూసి, బ్యాంకు, ఆసుపత్రి పనులు తక్కువ ఎండ ఉన్న రోజుకు పెట్టుకోండి. పదకొండు లోపు ఇల్లు చేరండి. వేడి మూడు గంటల ప్రాంతంలో ఎక్కువ. నాలుగు దాటేదాకా కదలకండి. బి.పి., గుండె, కిడ్నీ మందులు వాడేవారు ఎన్ని నీళ్లు తాగాలో, మాత్రలు ఎలా వేసుకోవాలో డాక్టరును ముందే అడగండి. సొంతంగా మానకండి. ఎవరైనా ఎండలో మాట తడబడినా, స్పృహ తప్పినా తడిగుడ్డలతో చల్లబరుస్తూ వెంటనే 108కి ఫోన్ చేయండి.

2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. మనలో ఎందరో పిల్లలు అమెరికాలో ఉండగా ఇక్కడ ఒంటరిగా ఉంటున్నారు. పసుపు రంగు వచ్చిన రోజున మన సభ్యులు ఒక్కొక్కరు, ఒంటరిగా ఉన్న ఒక్కరికి మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేసి "అన్నా, నీళ్లు తాగినవా?" అని అడగాలని ఈ సభలో తీర్మానించమని కోరుతున్నాను. నాకు ఆనాడు ఆ కొబ్బరిబోండాల అమ్మ దొరికింది. ప్రతి ఒక్కరికీ దొరకదు.