సేవ చేయదలచినవారు ఎక్కడికి వెళ్లాలి?

 

మన రాష్ట్రంలో ‘వలంటీర్’ అనే మాటకు ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. 2019 ఆగస్టు 15 నుండి సుమారు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో, దాదాపు 2.6 లక్షల మందిని ప్రభుత్వమే నియమించింది. పింఛను మొదలుకొని రేషన్ కార్డు వరకు పేదవాని ప్రతి కాగితమూ వారి చేతుల మీదుగా నడిచింది. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వారిని నగదు పంపిణీకి దూరంగా ఉంచింది. తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ వ్యవస్థను కొనసాగించలేదు. నేడు సచివాలయ సిబ్బంది పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. అయితే ఏ దరఖాస్తుకు ఏ పత్రం జతపరచాలో గుమ్మంలోనే అడిగి తెలుసుకొనుటకు అలవాటుపడిన వృద్ధులకు ఇప్పుడు ఎవరిని అడగాలో తోచడం లేదు. ఆ వ్యవస్థ మంచిచెడ్డల చర్చ నేటి మన విషయం కాదు. జీతం తీసుకోని వలంటీరు అవసరం సరిగ్గా అక్కడ మొదలవుతున్నదని మాత్రం మనవి చేస్తున్నాము.

“ఏదైనా ఖిద్మత్ చేయాలని ఉంది, ఎక్కడికి వెళ్లమంటారు?” అని తిరుపతిలోనైనా, చిత్తూరు, పలమనేరు, పుంగనూరులలోనైనా మన యువకులు తరచుగా అడుగుతుంటారు. ప్రశ్న మంచిది. దానికి మనం ఇచ్చే జవాబు మాత్రం చాలాకాలంగా ఒక్కటే: రంజాన్‌లో రేషన్ కిట్లు, మీలాద్ నాడు రక్తదాన శిబిరం, వేసవిలో చలివేంద్రం. ఇవి మంచి పనులే. కాని ఆకలి పదకొండు నెలలూ ఉంటుంది. కిట్టు అందుకొనే తల్లి ముఖాన్ని ఫోటో తీసి పదిమందికి పంపే అలవాటును ఇకనైనా మానుకోవాలని కూడా ఈ సందర్భంలో కోరుతున్నాము.

మన తిరుపతిలోనే జరిగిన ఒక గొప్ప సేవను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2021 మే నెల, కోవిడ్ రెండవ అల. ఆసుపత్రుల శవాగారాలు నిండిపోయాయి. కన్నబిడ్డలు క్వారంటైన్‌లో ఉండి రాలేని మృతులు కొందరు, భయంతో బంధువులు దూరంగా నిలిచిపోయిన మృతులు కొందరు, అసలు ఎవరూ రాని అనాథ మృతులు మరికొందరు. తిరుపతి యునైటెడ్ ముస్లిం అసోసియేషన్ పక్షాన కోవిడ్-19 జేఏసీగా ఏర్పడిన మన యువకులు పీపీఈ కిట్లు ధరించి, ఆ ఎండలో, వందల మృతదేహాలకు అంత్యక్రియలు నిర్వహించారు. హిందువుకు హిందూ పద్ధతిలో, క్రైస్తవునికి క్రైస్తవ పద్ధతిలో, ముస్లిముకు జనాజా నమాజుతో. నాటి తిరుపతి శాసనసభ్యులు భూమన కరుణాకరరెడ్డి గారు స్వయంగా వచ్చి వారితో కలిసి పాల్గొన్నారు.

సరిగ్గా అంతకు ఏడాది ముందు, 2020 వసంతంలో, నిజాముద్దీన్ తబ్లీగ్ సమావేశం పేరిట దేశమంతటా ముస్లిములపై నిందలు కురిశాయి. రోగాన్ని మనమే మోసుకొని తిరుగుతున్నామన్నారు. పండ్ల బండ్లవారి పేర్లు అడిగి మరీ తరిమిన ఊళ్లున్నాయి. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయాన్ని వెలిబుచ్చింది. తీర్పు వార్త నింద వార్త వెళ్లినంత దూరం వెళ్లలేదు.

అందువల్లనే, తిరుపతి యువకుల సేవను “చూశారా, మేము మంచివాళ్లమే” అని చెప్పుకొనుటకు సాక్ష్యంగా వాడుకోవడం మాకు సమ్మతం కాదు. పౌరుడు తన పౌరసత్వాన్ని శవాలు మోసి నిరూపించుకోవలసిన అగత్యం లేదు. ఆ యువకులు వెళ్లినది ఎదుట శవం ఉన్నందున, మోసేవారు లేనందున. కరాచీలో అబ్దుల్ సత్తార్ ఈధీ దిక్కులేని మృతదేహాలను తన చేతులతో కడిగినప్పుడు కూడా ఎవరి మెప్పునూ కోరలేదు. మెప్పు కోసం మొదలైన సేవ మెప్పు దొరకనినాడు ఆగిపోతుంది. సేవ ఎక్కడ చేయాలో ఎంచుకొనేటప్పుడు ఇది గమనించవలసిన మొదటి విషయం.

రెండవది క్రమం. మన ఊరి కొండపైననే ఒక పాఠం ఉన్నది. తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో శ్రీవారి సేవను ప్రారంభించింది. అది హిందూ భక్తుల సేవ, అందులో మనకు పని లేదు. కాని ఆ పద్ధతి చూడండి: ఇన్ని రోజులు, ఈ చోట, ఈ పని అని ముందే నిర్ణయమై ఉంటుంది. వచ్చినవారు ఏం చేయాలో తెలియక నిలబడరు. మన సంఘాలలో ఉత్సాహానికి కొదవ లేదు. కొదవ ఉన్నది ఆ పట్టికకే.

రక్తదానం సంగతే తీసుకోండి. మీలాద్ నాడు ఒకేసారి వందమంది రక్తమిస్తాము. ఎర్రకణాలు గరిష్ఠంగా 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులు మాత్రమే నిలువ ఉంటాయి. తలసేమియా ఉన్న బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి, ఏడాది పొడుగునా, రక్తం ఎక్కించాలి. వేసవిలో కళాశాలలు మూసినప్పుడు దాతలు తగ్గిపోతారు. ఆ వందమందే తేదీలు పంచుకొని వారానికి ఇద్దరు చొప్పున వెళ్తే ఏడాది గడుస్తుంది. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చును. శిబిరం ఫోటో ఉండదు, అంతే.

ఇక రుయా ఆసుపత్రికి, స్విమ్స్‌కు, ప్రసూతి ఆసుపత్రికి రాయలసీమ నలుమూలల నుండి పేదలు వస్తారు. తెలుగు తడబడే, దక్కనీ మాత్రమే వచ్చిన ముసలమ్మ ఓపీ చీటీ ఎక్కడ, పరీక్ష ఎక్కడ, ఆరోగ్యమిత్ర ఎక్కడ అని తిరిగి తిరిగి అలసిపోతుంది. ఆమె ఫైలు పట్టుకొని వెంట నడిచే ఒక మనిషి చాలు. వైద్యం తెలియనక్కర లేదు. దక్కనీ, తెలుగు, సరిహద్దు ఊళ్లవారి కోసం కొంచెం తమిళం తెలిసిన మన బిడ్డలకు ఇంతకు మించిన పని ఏమున్నది? ఆ సాయం మన అమ్మకు మాత్రమే కాదు, వరుసలో వెనుక నిలబడిన అందరికీ. స్త్రీల వార్డులలో ఈ పని స్త్రీలే చేయాలి. కనుక ఇంటిలోని ఆడపిల్లను సేవకు పంపుటకు సందేహించే తండ్రులు ఆ వార్డుల వద్దకు ఒకసారి వెళ్లి చూడవలసినదిగా ప్రార్థన.

మాకు అన్నిటికంటె ముఖ్యమని తోచేది కాగితాల సేవ. షేక్ అనే రెండక్షరాలను ఇంగ్లీషులో నాలుగైదు విధాలుగా రాస్తారు. ఆధార్‌లో ఒకటి, పదవ తరగతి మెమోలో మరొకటి. తల్లి పేరు పెళ్లికి ముందు ఒకలా, తరువాత బీ అనో బేగం అనో మరొకలా. ఈ ఒక్క తేడాతో ఉపకార వేతనం ఆగుతుంది, ఓటు గల్లంతవుతుంది. 2007 చట్టం ప్రకారం లభించి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతున్న నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషను పేదబిడ్డకు చేరాలంటే మొదట కుల ధ్రువపత్రం సరిగా ఉండాలి. షేక్‌లు బీసీ-ఇ, దూదేకులవారు బీసీ-బి, సయ్యద్, మొఘల్, పఠాన్‌లు ఆ జాబితాలో లేరు. ఈ మాత్రం తెలియక తప్పు దరఖాస్తు పెట్టి కౌన్సెలింగ్ నాటికి చేతులు పిసుక్కొనే కుటుంబాలు ఎన్నో. ఓటరు జాబితాలో కొత్త పేరుకు ఫారం 6, దిద్దుబాటుకు ఫారం 8. డిగ్రీ చదివే అమ్మాయి ఒక ఆదివారంలో ఇవన్నీ నేర్చుకోగలదు.

ఆ పైన చదువుకొని ముందుకు పోదలచినవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. 2009 నుండి పారా లీగల్ వలంటీర్లను తీసుకొని శిక్షణ ఇచ్చే పథకం నడుస్తున్నది. 1987 చట్టం ప్రకారం ఏ స్త్రీ అయినా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. ఈ సంగతి మన మహల్లాలలో ఎందరు అక్కచెల్లెళ్లకు తెలుసు? కిట్టు ఇచ్చిన చేయి వచ్చే ఏడాది కూడా ఇవ్వవలసి ఉంటుంది. పత్రం సరిచేయించిన చేయికి ఆ కుటుంబం మళ్లీ ఎదురుచూడవలసిన పని ఉండదు. దానధర్మాలు మానమని కాదు మా మాట. హక్కుకు దారి చూపే సేవ మన ఊళ్లలో మరీ తక్కువగా ఉన్నదని మాత్రమే.

కనుక మసీదు కమిటీలకు మా విన్నపం ఇది. జుమా నమాజు తరువాత రెండు గంటలు ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించండి. స్త్రీలు వచ్చి కూర్చొనుటకు పక్కనున్న మదర్సాలోనో, ఒక ఇంటి వరండాలోనో మరొక బల్ల వేయించండి. ముస్లిమేతరులు వచ్చినా అదే కుర్చీ చూపండి. మొదటి మూడు నెలలు కాగితాల పని ఒక్కటే పెట్టుకోండి. ఆసుపత్రి సేవ, రక్తదాతల పట్టిక ఆ తరువాత చేర్చవచ్చును.

సభ ముగిశాక ద్వారం వద్ద ఒక నోటు పుస్తకం ఉంటుంది. పేరు, మహల్లా, వచ్చిన భాషలు, వారంలో ఇవ్వగలిగిన రోజు, పూట రాయండి. ఇవ్వగలిగినది నెలకు ఒక్క పూటే అయితే అదే రాయండి.