మజిలీ లేని ప్రయాణం మంచిది కాదు
(రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన కూటంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు మందుల గురించి కాకుండా ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ప్రయాణానికీ ఆసుపత్రికీ ఏమి సంబంధం అని మీకు అనిపించవచ్చు. మన సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ అద్దంకి రోడ్డు మీద, సికింద్రాబాదు–గుంటూరు రైలు మార్గం మీద ఉంది. రాత్రనక పగలనక ఈ దారుల్లో జనం పోతూనే ఉంటారు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోయేవారు, జాన్‌పహాడ్ దర్గాకు పోయేవారు, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి పోయేవారు, భవానీ దీక్ష తీసుకొని విజయవాడకు నడిచేవారు ఉన్నారు. వీరు కాక, రోగిని తీసుకొని హైదరాబాదుకు పోయి అదే రాత్రి తిరిగి వచ్చేవారు ఎంతోమంది. అందులో మీరూ ఉన్నారు.

ఇలా పోయినవారిలో కొందరు కాళ్లు పుండ్లు పడి మా దగ్గరకు వస్తారు. కొందరు వడదెబ్బతో వస్తారు. కొందరు తెల్లవారుజామున ప్రమాదానికి గురై వస్తారు. వారితో వచ్చినవారిని అడిగితే చాలాసార్లు ఒకే మాట వినిపిస్తుంది: “మధ్యల ఒక్క గంట ఆగితే బాగుండు సిస్టర్.” ఆ ఒక్క గంట గురించే ఈ రోజు నేను చెప్పేది.

మన పెద్దలకు దీనికి ఒక మంచి మాట ఉంది. అదే మజిలీ. దూర ప్రయాణంలో ఆగి, వండుకొని, తిని, పడుకొనే చోటు అది. ఏనుగుల వీరాస్వామయ్య గారి పేరు మీలో కొందరు విని ఉంటారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేశారు. పెద్ద పరివారంతో 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. మొత్తం 15 నెలల 15 రోజులు. రైలు లేని కాలం అది. దారిలో ఏ ఊళ్లో దిగారు, అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, బసకు చోటు ఉందా అని ఆయన మజిలీ మజిలీకీ రాసుకున్నారు. అది 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. ఆ పుస్తకం చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఆ రోజుల్లో ఎంత నడిచాం అనేదానితో పాటు ఎక్కడ ఆగుతాం అనేది కూడా ప్రయాణంలో భాగమే.

ఇంకొక సంగతి. ‘హాస్పిటల్’ అనే మాట కూడా అతిథి అని అర్థం వచ్చే పాత లాటిన్ మాట నుంచి వచ్చింది. యూరపులో మొదట్లో ఆ పేరు బాటసారులకు, యాత్రికులకు, దిక్కులేనివారికి బస ఇచ్చే ఇళ్లకు ఉండేది. మన దగ్గర కూడా ఇలాంటి ఏర్పాట్లు ఉండేవి. కాకతీయ రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనంలో అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల మూడింటి ప్రస్తావనా ఉంది. అలసినవానికి చోటు ఇవ్వడం, రోగికి చికిత్స చేయడం ఒకే ప్రాంగణంలో జరిగేవన్నమాట.

ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి, బండ్లు వేగంగా పోతున్నాయి. కానీ మన శరీరం మాత్రం అదే. దానికి నీళ్లు, నిద్ర, కదలిక, నీడ వేళకు అందాలి. అందకపోతే అది ముందు చిన్న గొంతుతో చెబుతుంది: తలనొప్పి, చికాకు, కాళ్ల మంట, ఆవలింతలు. వినకపోతే మనల్ని కింద పడేస్తుంది.

నడిచిపోయేవారికి

మొదటి రోజు ఉత్సాహంగా ఉంటుందని ఎక్కువ దూరం నడవకండి. పాదాలు గట్టిపడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. స్పెయిన్ దేశంలో శాంతియాగో అనే పుణ్యక్షేత్రానికి ఫ్రాన్సు సరిహద్దు నుంచి దాదాపు 780 కిలోమీటర్లు నడిచిపోయే దారి ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవారు వీపున సంచి వేసుకొని దానిమీద నడుస్తారు. చాలామందికి నెల రోజులకు పైగానే పడుతుంది. రోజుకు 20, 25 కిలోమీటర్లు నడిచి, యాత్రికుల బసలో ఆగి, బట్టలు ఉతుక్కొని, పాదాలు చూసుకొని పడుకుంటారు. మధ్యలో ఒకటి రెండు రోజులు నడకే మానేసి విశ్రాంతి తీసుకొనేవారు కూడా ఉంటారు. దాన్ని ఎవరూ ఓటమి అనుకోరు.

మన ఎండలు మీకు తెలియనివి కావు. ఎండాకాలంలో తెల్లవారుజామున, సాయంత్రం నడవండి. పగలు 11 నుంచి 4 గంటల వరకు నీడపట్టున ఉండండి. దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా నీళ్లు తాగండి. ఒక ఓఆర్‌ఎస్ పొట్లాన్ని లీటరు నీళ్లలో కలిపి దగ్గర పెట్టుకోండి. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కలపండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకగా ఉంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

షుగరు ఉన్నవారికి మరీ మరీ చెబుతున్నాను. మీలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నా, తారురోడ్డు కాల్చినా తెలియదు. నొప్పి లేదు కాబట్టి గాయం లేదు అనుకుంటారు. ఆ గాయమే ముదిరి వేలు, పాదం తీసివేసే దాకా వస్తుంది. కాబట్టి చెప్పులు లేకుండా నడవవద్దు. దీక్షలో ఉన్నవారు ముందుగా మీ గురుస్వామితో, డాక్టరు గారితో మాట్లాడండి. మీ ఆరోగ్యం సంగతి చెబితే ఏ పెద్దలైనా అర్థం చేసుకుంటారు. ప్రతి మజిలీలో అరికాలు, వేళ్ల సందులు చూసుకోండి. మీకు వంగడం రాకపోతే పక్కవారిని చూడమనండి. బొబ్బ లేస్తే చిదపకండి, శుభ్రమైన గుడ్డతో కట్టండి. ఇన్సులిన్ వాడేవారు భోజనం మానవద్దు. ఒళ్లు చెమటలు పట్టి వణుకు వస్తే వెంటనే ఆగి 3 టీ చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగండి.

కూర్చొని పోయేవారికి

బస్సులోనో కారులోనో కూర్చుంటే అది విశ్రాంతే కదా అంటారు. కాదు. కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం నిలిచి, కొందరికి గడ్డ కడుతుంది. 4 గంటలకు మించిన ప్రయాణంలో ఈ ముప్పు దాదాపు రెండింతలు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మామూలుగా ఆరోగ్యవంతుల్లో ఇది అరుదు. కానీ ఈ మధ్యే ఆపరేషన్ అయినవారికి, కాలికి కట్టు ఉన్నవారికి, గర్భిణీలకు, బాలింతలకు, క్యాన్సరు రోగులకు ముప్పు ఎక్కువ. అందుకే డిశ్చార్జి రోజున “ఎంత దూరం పోవాలి, ఎలా పోవాలి” అని డాక్టరు గారిని తప్పక అడగండి. గంటకోసారి మడమలు, వేళ్లు పైకీ కిందకీ ఆడించండి. రెండు గంటలకోసారి దిగి నాలుగు అడుగులు వేయండి. ప్రయాణం తర్వాత ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. అమెరికాలో పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఆడవారి సంగతి ఒకటి విడిగా చెప్పాలి. దారిలో మరుగుదొడ్డి దొరకదని మన అమ్మలు, అక్కలు బయలుదేరే ముందు నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. అడగడానికి సిగ్గుపడి గంటల తరబడి మూత్రం ఆపుకుంటారు. మర్నాడు మూత్రంలో మంట, చలిజ్వరంతో మా దగ్గరకు వస్తారు. అన్నలారా, బండి మీ చేతిలో ఉంది. వారు అడిగే దాకా చూడకండి, మీరే ఆపండి.

బండి నడిపేవారికి

నిద్రమత్తు కూడా ఒక మత్తే. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్నవాని చూపు, చేయి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవానిలా పనిచేస్తాయని పరిశోధకులు చూపించారు. మన చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే ఉదయం 5 గంటలకు లేచి, రోజంతా హైదరాబాదులో రోగితో తిరిగి, రాత్రి 10 గంటలకు స్టీరింగు పట్టినవాడు చుక్క తాగకపోయినా తాగినవానితో సమానం. రాత్రి 2 నుంచి 5 గంటల వరకు నిద్ర మరీ బలంగా లాగుతుంది. టీ తాగి, పాటలు పెట్టి, అద్దం దించితే నిద్ర పోదు, కాసేపు మరుగున పడుతుంది అంతే. నిద్రకు మందు నిద్రే.

ఆవలింతలు మొదలైనా, దాటివచ్చిన ఊరు గుర్తులేకపోయినా బండి ఆపండి. రోడ్డు అంచున మాత్రం ఆపవద్దు, వెనుక వచ్చే లారీకి కనబడదు. ఈ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు ఉన్నాయి. పెట్రోలు బంకులు, దాబాలు ఉన్నాయి. వెలుగు ఉన్నచోట పక్కకు పెట్టి 20 నిమిషాలు కునుకు తీయండి. లేచాక ముఖం కడుక్కొని కాస్త తిరిగి అప్పుడు బయలుదేరండి. అప్పటికీ మత్తు వదలకపోతే తెల్లవారే దాకా అక్కడే ఉండండి.

దూరదేశంలో ఉన్న పిల్లలకు

జర్మనీ, ఇంగ్లండు వంటి చోట్ల చదువుకుంటున్న మన పిల్లలు సెలవుల్లో వీపున సంచి వేసుకొని పది రోజుల్లో అయిదారు దేశాలు చుట్టిరావాలని చూస్తారు. గది అద్దె మిగులుతుందని రాత్రులు బస్సుల్లో, రైళ్లలో గడుపుతారు. నిద్ర తక్కువైతే జలుబు, జ్వరం తొందరగా అంటుకుంటాయి. తెలియని ఊళ్లో పాస్‌పోర్టు, డబ్బు పోగొట్టుకొనేది కూడా ఇలా అలసి ఉన్నప్పుడే. ఒక్కో ఊళ్లో కనీసం రెండు మూడు రాత్రులు ఉండమని, వారానికి ఒక రోజు ఏమీ చూడకుండా పడుకోమని చెప్పండి. సంచి బరువు తమ బరువులో అయిదో వంతుకు మించకూడదు. ఫోన్ చేసినప్పుడు “ఏమేం చూసినవ్ బిడ్డా” అనే ముందు “రాత్రి ఎంతసేపు పండుకున్నవ్” అని అడగండి.

చివరిగా, మీ కోసం

ఆగడం ఎందుకు కష్టమవుతుంది? దారి తెలియక కాదు. “నా వల్ల అందరికీ ఆలస్యం” అని ముసలివారు నోరు విప్పరు. “ఇంకెంత దూరం, పోదాం పా” అని ముందున్నవారు తొందరపెడతారు. అందుకే దారిలో వాదించుకోవడం కాకుండా గడప దాటక ముందే నిర్ణయించుకోండి. ఈ అయిదు విషయాలు ఇంట్లో గోడకు అంటించుకోండి.

1. ఎక్కడెక్కడ ఆగాలో బయలుదేరే ముందే రాసుకోవాలి.
2. గుంపులో అందరికంటే నీరసంగా ఉన్నవారి నడకే అందరి నడక.
3. “ఆగుదాం” అని ఎవరన్నా, చిన్నపిల్ల అన్నా, ఎందుకు అని అడగకుండా ఆగాలి.
4. రోజంతా రోగి దగ్గర ఉన్నవారు ఆ రాత్రి బండి నడపరాదు. నిద్రపోయినవారిని పిలిపించండి, లేదా పొద్దున పోండి.
5. మందుల చీటీ, మందులు, నీళ్లు, ఓఆర్‌ఎస్, చక్కెర చేతి సంచిలోనే ఉండాలి. 108 నంబరు, జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరు అందరికీ తెలిసి ఉండాలి.

రోగి బాగై ఇంటికి పోయే రోజున మీకు ఎంత తొందరగా ఉంటుందో మాకు తెలుసు. మీ ఊళ్లో మీ కోసం ఎదురుచూసేవారికి మీరు ఒక గంట ఆలస్యంగా వచ్చినా సంతోషమే. దయచేసి ఆగుతూ పోండి, క్షేమంగా చేరండి.