జుమా నమాజు – నిరుద్యోగ భృతి – విచారణ హక్కు



అమెరికాలో నిరుద్యోగ భృతిని రాష్ట్రాలు చెల్లిస్తాయి. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం ప్రకారం, తిరస్కరణకు గురైనవారికి నిష్పాక్షిక విచారణ కోరే హక్కు ఉంది. తన మతాచారం ప్రకారం శనివారం పనిచేయ నిరాకరించిన అడెల్ షెర్బర్ట్ అనే మిల్లు కార్మికురాలికి దక్షిణ కరోలినా భృతి ఇవ్వలేదు. విశ్వాసమో భృతియో తేల్చుకొమ్మనడం రాజ్యాంగ విరుద్ధమని 1963లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జుమా నమాజు కారణంగా ఉపాధి కోల్పోయిన ముస్లింకూ ఈ తీర్పు అండ కాగలదు.

కనుక అక్కడున్న మన బిడ్డలకు చెప్పండి: తిరస్కరణ పత్రంలోని గడువులోపే అప్పీలు చేయాలి. విచారణ జాప్యమైనా వారంవారం ఇవ్వవలసిన ధ్రువీకరణ మానరాదు. సెలవు కోరిన ఉత్తరాలు భద్రపరచాలి. భాష రాకుంటే దుబాసీని ముందుగానే అడగాలి. భృతి భిక్ష కాదు. అయితే గడువు దాటితే హక్కు కూడా చేజారుతుంది.