సీతమ్మతో హనుమ తొలిమాట

(విద్యానగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



తపస్సు అనగానే మనకు అడవులు, ఉపవాసాలు స్ఫురిస్తాయి. భగవద్గీత 17వ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ మాటను కూడా తపస్సుగానే పేర్కొన్నాడు. వినేవారి మనస్సును కలవరపెట్టనిది, సత్యమైనది, ప్రియమూ హితమూ అయినది ఆ మాట. సత్యం ఒక్కటి ఉంటే చాలునని మనలో పలువురి భావన. “ఉన్నమాటే కదా అన్నాను!” అని సమర్థించుకుంటారు. గీత ఆ సమర్థనకు తావివ్వలేదు.

సముద్రాన్ని లంఘించిన హనుమ అశోకవనంలో శింశుపావృక్షంపై కూర్చుని, ఒక్క మాట పలకడానికి ఎంత తర్కించుకున్నాడో చూడండి! పండితునివలె సంస్కృతంలో పలికితే రావణుడే వచ్చాడని సీతమ్మ భయపడవచ్చు. ఆమె కేక వేస్తే రాక్షసులు మేల్కొంటారు, రామకార్యం చెడుతుంది. పలకకుండా వెళితే ఆ తల్లి ప్రాణాలు నిలువవు. వాల్మీకి మహర్షి ఈ ఆలోచనకు దాదాపు ఒక సర్గనే కేటాయించాడు. చివరకు హనుమ సామాన్య మానవుల భాషను ఎంచుకున్నాడు. తన ఘనత చెప్పుకోలేదు. దశరథ మహారాజుతో మొదలుపెట్టి, ఆమె చెవికి మాత్రమే సోకేలా రామకథ వినిపించాడు. కిష్కింధాకాండలో రాముడు మెచ్చుకున్న వాక్కు అది.

ఇక మన సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక, ఈ విద్యానగర్ పరిసరాలలో హాస్టళ్లలోనూ అద్దె గదులలోనూ ఎందరో పిల్లలు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నారు. ఫలితాలు వచ్చిన రాత్రి ఊరినుండి ఫోను వస్తుంది. “పక్కింటివాడికి వచ్చింది, నీకెందుకు రాలేదు?” అందులో అసత్యమేమీ లేదు. కాని ఆ గదిలో ఆ మాటతో ఆ బిడ్డ ఒంటరిగా మిగిలిపోతాడు. “అన్నం తిన్నావా నాయనా?” అని ముందు అడగరాదా? మార్కుల సంగతి మరునాడు మాట్లాడుకోవచ్చు.

అబద్ధపు ఓదార్పు చెప్పమని నా ఉద్దేశం కాదు. రాముని ఉంగరం అందించిన పిదప, స్వామికి నిద్ర కరవైన సంగతిని హనుమ సీతమ్మకు దాచకుండా చెప్పాడు. ఆమె దుఃఖించింది, కాని మాట నమ్మింది.

(దర్శనపు వరుసలో వృద్ధులను కసరుకునే మన సేవకులు కూడా ఈ ఘట్టాన్ని ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.)

ఈ సభలో ఇళ్లు అద్దెకిచ్చినవారు చాలామందే ఉన్నారు. మీకొక విన్నపం. ఫలితాల మరునాడు మీ మేడమీది గది తలుపు తెరచుకోకపోతే, అద్దె ప్రస్తావన ఆ పూటకు మానండి. కాస్త ప్రసాదం తీసుకుని వెళ్లి తలుపు తట్టండి.