తల్లి తిరిగి వచ్చేదాకా
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 పండుగనాడు ఉపన్యాసమంటే పిల్లలకు నిద్ర, పెద్దలకు ఆకలి. కనుక క్లుప్తంగానే ముగించుతాము. మేము మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొంటున్న వారము. క్రీడాకారులము కాము, వైద్యులము అంతకన్నా కాము. ఆటల వార్తలు శ్రద్ధగా చదివే అలవాటు మాత్రం ఉన్నది. అలా తెలిసికొన్న సంగతులు నాలుగు మీ ముందు ఉంచవలెనని మా కోరిక.

ట్రయథ్లాన్ అని ఒక పందెమున్నది. మొదట ఈత, ఈత నుండి లేచి సైకిలు, సైకిలు దిగి పరుగు. నడుమ విశ్రాంతి లేదు. 2000లో సిడ్నీలో ఇది ఒలింపిక్ ఆటలలో చేరినది. అక్కడి కొలత 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. ఇంతకన్న పెద్దవి ఉన్నవి. మనకు పొరుగున గోవాలో 2019లో జరిగిన ఐరన్‌మ్యాన్ 70.3 పందెములో ఈత 1.9, సైకిలు 90, పరుగు 21.1 కిలోమీటర్లు. మగవారికే ఇది ప్రాణాంతకమని మనము అనుకొంటాము. బిడ్డను కన్న తల్లులు ఇందులోనికి తిరిగి వచ్చి గెలిచినారు.

స్విట్జర్లాండుకు చెందిన నికోలా స్పిరిగ్ 2012లో లండనులో స్వర్ణపతకం గెలిచినారు. ఆమెకూ స్వీడను యువతికీ ఒకే సమయము నమోదైనది. ఛాయాచిత్రమును చూచి తీర్పు చెప్పవలసి వచ్చినది. మరుసటి సంవత్సరము ఆమెకు కొడుకు పుట్టినాడు. 2016లో రియోలో రజతం గెలిచినారు. తర్వాత మరి ఇద్దరు బిడ్డల తల్లి అయి, 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్సులో ఆరవ స్థానములో నిలిచినారు. అమెరికా వనిత చెల్సియా సొడారో, కూతురు పుట్టిన ఏడాదిన్నరకు, 2022 అక్టోబరులో హవాయిలో ఐరన్‌మ్యాన్ ప్రపంచ పందెము గెలిచినారు. ఆ పందెము 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిలు, 42.2 పరుగు. ప్రసవము తర్వాత మనసు ఎంత ఆందోళనకు గురియైనదో కూడ ఆమె దాచుకొనలేదు. గెలిచినవారికి కష్టము లేదనుకోరాదు.

పరాయి దేశాల మాట ఎందుకంటారేమో, మన వారినే చూతము. ముంబయిలో పుట్టి హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జాకు 2018 అక్టోబరులో కొడుకు పుట్టినాడు. 2020 జనవరిలో హోబర్టులో మళ్ళీ రాకెట్టు పట్టి, ఉక్రెయిను క్రీడాకారిణితో కలిసి డబుల్స్ గెలిచినారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2017లో తల్లి అయి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చదరంగం గెలిచినారు. 2024లో న్యూయార్కులో మళ్ళీ గెలిచినారు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినారు; ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమెయే. 2001లో తల్లి అయినారు. 2004లో ఏథెన్సుకు మళ్ళీ వెళ్ళినారు. పతకం రాలేదు, అంతటితో విరమించినారు. మా దృష్టిలో అదీ తిరిగి రావడమే. వెళ్ళి నిలబడే అవకాశము ఆమెకు ఉన్నది గదా!

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలెను. సభలో చెప్పదగునా అని కొందరికి సంకోచము కలుగవచ్చును. చెప్పకపోతే నష్టము మన ఆడపిల్లలకే. ప్రసవము తర్వాత పొట్ట కండరములూ, మూత్రాశయమును గర్భసంచిని క్రిందినుండి మోసే కండరములూ సాగి బలహీనమై ఉంటవి. పరుగులో ప్రతి అడుగు తాకిడీ వాటిమీదనే పడుతుంది. 2019లో బ్రిటనులో ముగ్గురు ఫిజియోథెరపిస్టులు కొన్ని సూచనలు ప్రకటించినారు. వారి మాట ప్రకారము మూడు నెలలు నిండకముందు పరుగు జోలికి పోరాదు. ముందు నడక, కండరములకు నిదానమైన వ్యాయామము, ఆ తర్వాతనే పరుగు. దగ్గినా తుమ్మినా మూత్రము జారితే, క్రిందికి ఏదో జారినట్లు బరువుగా తోస్తే, ఆగి వైద్యురాలికి చూపించుకోవలెను. అది సిగ్గుపడవలసిన విషయము కాదు. చికిత్స ఉన్న విషయము. ఈతకైతే రక్తస్రావము ఆగి, కుట్లు మాని, వైద్యురాలు సరేననవలెను.

తిండి సంగతి మరొకటి. పాలిచ్చే తల్లికి రోజుకు 500 నుండి 600 కెలోరీలు అదనముగా కావలెను. మన ఇండ్లలో కొన్నిచోట్ల ఇంకా పథ్యము పేరిట బాలెంతకు కూరలు తగ్గించుతారు, నీళ్ళు సయితము తగ్గించుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. రక్తము లేని తల్లి పందెములో పరుగెత్తుట అటుంచండి, మూడంతస్తుల మెట్లెక్కి నీళ్ళు మోయుటే గొప్ప.

ఇప్పుడు మా అసలు మాటకు వస్తున్నాము. ఈ తల్లులు ఎట్లు తిరిగి వచ్చినారు? ధైర్యము, పట్టుదల అని పత్రికలు వ్రాస్తవి. నిజమే. కాని మా రైల్వేలో లీన్ అని ఒక మాట ఉన్నది. ఉద్యోగి కొంతకాలము వేరొకచోట పనిచేసినా తన పోస్టు మీద అతని హక్కు నిలిచి ఉంటుంది. తిరిగి వస్తే తన స్థానము తనదే. కిక్కిరిసిన ప్యాసింజరులో మనవాళ్ళు రుమాలు వేసి సీటు ఉంచినట్లన్నమాట. మహిళల టెన్నిసులో 2019 నుండి అటువంటి ఏర్పాటే ఉన్నది. ప్రసవించిన మూడేండ్లలోపు తిరిగి వచ్చే తల్లికి, పూర్వపు ర్యాంకుతోనే కొన్ని పోటీలలో ప్రవేశము లభించును. 2021లో సానియా ఇంగ్లండు వెళ్ళవలసినప్పుడు రెండేండ్ల కొడుకు వీసా కొరకు మన క్రీడా మంత్రిత్వ శాఖ కలుగజేసికొన్నది. ధైర్యము ఆమెదే, బిడ్డ వీసాకు మాత్రం ఇంకొకరు సాయపడవలసి వచ్చినది.

ఉద్యోగాలలోను ఇంతే. కేంద్ర ప్రభుత్వ కొలువులో ఉన్న స్త్రీలకు 2008 నుండి 180 రోజుల ప్రసూతి సెలవు, పిల్లల పెంపకమునకు మొత్తం ఉద్యోగకాలములో 730 రోజుల సెలవు వచ్చినవి. తండ్రికి 15 రోజులు. 1961 ప్రసూతి చట్టము ఇచ్చిన 12 వారములు, 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములైనవి. మరి మన భివండీలో? పదిమందికి తక్కువగా పనిచేసే సాంచాల ఖానాలో, ఇంటి అరుగుమీద కూర్చుండి కండెలు చుట్టే తల్లి దగ్గర, ఆ చట్టము నీడ ఎక్కడ పడుతుంది? ఆమె పుట్టింటికి పోయిన మరునాడే ఆమె రాట్నము ముందు ఇంకొకరు కూర్చుంటారు. చట్టము నిలుపని స్థానమును మనుషులే నిలుపవలెను.

మన ఊళ్ళలో దీనికొక పద్ధతి ఉండేది. కాన్పుకు పుట్టింటికి పంపడము, మూడో నెల దాకానో ఐదో నెల దాకానో ఉంచుకొనడము. కరీంనగరులోనో, సిరిసిల్లలోనో, నల్లగొండలోనో అమ్మ, పిన్నమ్మ, వదినె, నలుగురి చేతులు బిడ్డకు దొరికేవి. ఇక్కడికి తిరిగి వచ్చేసరికి ఒకటే గది. భర్తకు రాత్రి పాళీ, పగలు నిద్ర. బిడ్డ ఏడిస్తే తల్లి గుమ్మము బయట ఎత్తుకొని తిరగవలెను. మా బంధువర్గములోనే ఒక కోడలు ఉన్నది. బడిలో జిల్లా స్థాయిలో పరుగెత్తిన పిల్ల. "మళ్ళీ పరుగెత్తాలనుందా అమ్మా?" అని మా ఇంటివారు అడిగితే, "అక్కా, పొద్దున అరగంట పిల్లగాణ్ణి ఎవరన్న పట్టుకుంటే ముందు నడుస్త" అన్నది. ఆమె అడిగినది బూట్లు కాదు, బహుమతి కాదు, అరగంట.

ఈసారి ఆటలపోటీల పట్టీ వ్రాసినది మేమే. బాలికల పరుగుపందెమునకు పేర్లు కాగితము నిండ వచ్చినవి. పెండ్లయిన స్త్రీల వరుసలో ముగ్గులకు, కుర్చీలాటకు తప్ప మరి దేనికీ పేర్లు లేవు. అసలు పందెమే పెట్టలేదు గనుక పేర్లు ఎట్లు వచ్చును? ఆ బాలికలు ఏడెనిమిదేండ్లలో ఈ రెండవ వరుసలోనికి వస్తారు. అప్పటికి వారి కొరకు మనము ఏమి ఉంచుతున్నాము?

కార్యవర్గమునకు మూడు మనవులు చేసికొంటున్నాము. ఒకటి: వారానికి మూడు పొద్దులు, వర్‌హాలా చెరువు ఒడ్డున తల్లుల నడకకు ఒక బృందము ఏర్పరచవలెను, ఆ అరగంట పసిపిల్లలను చూచుటకు పెద్దమ్మలు ఇద్దరు ముగ్గురు వంతులు వేసికొనవలెను. రెండు: ఏడాదికి రెండుసార్లయినా వైద్యురాలిని పిలిపించి, బాలెంతల రక్తపరీక్ష చేయించి, ఇందాక చెప్పిన సంగతులు ఆడవారికి విడిగా చెప్పించవలెను. మూడు: సాంచాల యజమానులలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. కాన్పుకు పోయిన మనిషి పని ఆరు నెలలదాకా ఆమెదేనని వారు మాట ఇవ్వవలెను. ఆ మాటకు కాగితమూ అక్కరలేదు, స్టాంపూ అక్కరలేదు. పద్మనగరులో పదిమంది ముందు అన్న మాటే చాలు.

అన్నదమ్ములకు ఒక మాట. రాత్రి పాళీ బరువు మాకు తెలియనిది కాదు. మేమూ రాత్రి డ్యూటీలు చేసే వారమే. అయినా బిడ్డను అరగంట ఎత్తుకొంటే మగతనము తరిగిపోదు. ఇంట్లో సీటు మీద రుమాలు వేయవలసినది ముందు మనమే.

మన వాడ నుండి ఒక తల్లి గోవా దాకా వెళ్ళి ట్రయథ్లాన్ చేస్తుందో లేదో చెప్పలేము. చేస్తే టికెట్టు వ్యవహారము మేము చూచుకొంటాము. చేయకున్నా, వచ్చే ఉగాదికి తల్లుల నడక పందెమని ఒక వరుస పట్టీలో ఉండి, దాని క్రింద నాలుగు పేర్లు ఉంటే మాకు తృప్తి.

 పులిహోర చల్లారకముందే సెలవు తీసికొంటున్నాము. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.