చక్రం ఆగినప్పుడు



శరీరధర్మశాస్త్రం క్లాసులో మా గురువుగారు ఏటా ఒక ప్రశ్న వేసేవారు. అలవాటుకీ వ్యసనానికీ తేడా ఎక్కడ తెలుస్తుంది? చేస్తున్నప్పుడు తెలియదు, మానేసిన రోజున తెలుస్తుందని జవాబు కూడా ఆయనే చెప్పేవారు. చుట్ట తాగే తాతను చుట్ట దొరకని పూట చూడాలి. కాఫీ సంగతి, పాలు విరిగిపోయిన పొద్దున వచ్చే తలనొప్పి చెబుతుంది. ఆయన పేరున జరిగే ఈ సభలో, లోకమంతా మెచ్చుకునే ఒక అలవాటుకి అదే ప్రశ్న వేయాలనుకున్నాను. అది వ్యాయామం.

నేను ఇరవై ఏళ్లు తెల్లవారుజామున పరుగెత్తినవాణ్ణి. ఒకసారి మోకాలి కింది ఎముకలో సన్నని చీలిక వచ్చింది. ఆరు వారాలు పరుగు మానమన్నారు. నాలుగో రోజుకే నిద్ర కరువైంది. వంటింట్లో గిన్నె చప్పుడైతే కసురుకున్నాను. పదో రోజు, ఇంట్లో అందరూ పడుకున్నాక, మేడ మెట్లు ఎక్కి దిగాను. అడుగు వేసినప్పుడల్లా ఎముక సలుపుతూనే ఉంది. అయినా ఆగలేకపోయాను. ఆ రాత్రి తర్వాతే ఈ పరిశోధనలు వెతికి చదవడం మొదలుపెట్టాను.

వ్యాయామం మానితే నిద్ర ఏమవుతుందో చూడాలని అమెరికాలో బేకెలాండ్ అనే మనోవైద్యుడు పూనుకున్నాడు. రోజూ వ్యాయామం చేసేవాళ్లను నెలరోజులు మానమని అడిగాడు. డబ్బిస్తానన్నా ఒప్పుకున్నవాళ్లు లేరు. చివరికి వారానికి మూడు నాలుగు రోజులు చేసేవాళ్లతో సరిపెట్టుకున్నాడు. వాళ్లకే నిద్ర చెడింది, ఆందోళన పెరిగింది. 1970లో అచ్చయిన ఈ పత్రంలో నన్ను కదిలించింది ఫలితం కాదు, మానడానికి ఒప్పుకోని ఆ మనుషులు.

మనుషులు ఒప్పుకోకపోతే ఎలుకల దగ్గరికి వెళ్లక తప్పదు. ఎలుకలు ఎక్కి పరుగెత్తే చక్రం ప్రయోగశాలకు కొత్త కాదు, పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే వచ్చింది. 1993లో విస్కాన్సిన్‌లో థియోడర్ గార్లండ్ చక్రం మీద ఎక్కువ పరుగెత్తే చిట్టెలుకలను ఏరి, తరం తర్వాత తరం వాటినే జతకట్టించాడు. కొన్నేళ్లకి మామూలు చిట్టెలుకల కంటే రెండున్నర మూడు రెట్లు పరుగెత్తే వంశాలు తయారయ్యాయి. 2003లో జస్టిన్ రోడ్స్, గార్లండ్, గామీ కలిసి వాటికి ఒక రోజు చక్రం అందకుండా చేశారు. అలవాటుగా పరుగెత్తే వేళ వాటి మెదళ్లలో ఏం జరుగుతోందో పరీక్షించారు. ఆ వంశం చిట్టెలుకల మెదడులో చాలా భాగాలు మామూలు వాటికంటే ఎక్కువగా చురుకెక్కి ఉన్నాయి. కాళ్లు ఆగాయి కానీ మెదడు ఆగలేదు.

ఇక టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో రాబిన్ కనారెక్ బృందం 2009లో ప్రకటించిన ప్రయోగం. దీని దగ్గర కాస్త నిలబడదాం. 44 మగ ఎలుకలు, 40 ఆడ ఎలుకలు. కొన్నిటికి చక్రం ఉంది, కొన్నిటికి లేదు. రెండు రకాల్లోనూ కొన్నిటికి రోజంతా తిండి, కొన్నిటికి రోజుకి ఒక్క గంటే. కొన్ని వారాల తర్వాత నాలోక్సోన్ ఇచ్చారు. మెదడులో మార్ఫిన్ వచ్చి కూర్చునే పీటల మీద ఈ మందు తాను కూర్చుంటుంది, అక్కడున్నవాటిని లేపేస్తుంది. మార్ఫిన్‌కి అలవాటుపడిన జంతువుకి ఇస్తే, మందు మాన్పించినప్పుడు పడే బాధంతా నిమిషాల్లో బయటపడుతుంది. ఈ ఎలుకలకు మార్ఫిన్ ఎవరూ ఇవ్వలేదు. అయినా చక్రమెక్కినవి వణికాయి, మెలికలు తిరిగాయి. పళ్లు టకటక కొట్టుకున్నాయి, రెప్పలు వాలిపోయాయి. చక్రం లేనివాటిలో ఇది చాలా తక్కువ. పరుగు పుట్టించే, మార్ఫిన్‌లాంటి ఎండార్ఫిన్లకి ఆ శరీరాలు అలవాటుపడ్డాయని పరిశోధకులు అర్థం చెప్పారు.

అందరికంటే ఎక్కువ బాధపడ్డవి ఏవి? చక్రమూ ఉండి, తిండి గంటకే పరిమితమైనవి. అక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే దీనికి పాత కథ ఒకటుంది. 1967లో రౌటెన్‌బర్గ్, కుజ్నెసాఫ్ అనే పరిశోధకులు చూపించారు. రోజుకి గంటసేపే తిండి పెడితే ఎలుక సర్దుకుని బతుకుతుంది. అదే పంజరంలో చక్రం పెడితే పరుగు రోజురోజుకీ పెంచుతుంది, ఉన్న ఆ గంటలో కూడా సరిగ్గా తినదు, చిక్కి చచ్చిపోతుంది. ఆకలి దాన్ని తిండి వైపు కాకుండా చక్రం వైపు తోస్తోంది.

అంటే పరుగే జబ్బా? నేను అలా అనను. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో యొహానా మైయర్ బృందం ఆరుబయట చక్రాలు పెట్టింది. అడవి చిట్టెలుకలు తమంతట తామే వచ్చి ఎక్కి పరుగెత్తాయి. కప్పలూ ఎక్కాయి. పక్కన తిండి పెట్టడం మానేశాక కూడా చిట్టెలుకలు వచ్చాయి, పరుగెత్తి దిగి గడ్డిలోకి వెళ్లిపోయాయి. 2014లో వచ్చిన ఆ పత్రం చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగులో సంతోషం నిజమే. దిగి వెళ్లే దారి, తినడానికి తిండి ఉన్నంతవరకు దానితో పేచీ లేదు.

మనుషుల్లో వ్యాయామ వ్యసనాన్ని అమెరికా మనోవైద్యుల 2013 నాటి నిర్ధారణ గ్రంథం జబ్బుగా చేర్చలేదు, జూదాన్ని మాత్రం చేర్చింది. ఎలుక మనిషి కాదు కాబట్టి ఆ జాగ్రత్త సరైనదే. కానీ భోజనం తగ్గించి, జ్వరంలోనూ పరుగు మానని అమ్మాయిని చూసి, ఎంత పట్టుదలో అని ఇంటిల్లిపాదీ మురిసిపోవడం నేను చూశాను. ఆ పిల్లను ఎన్ని మైళ్లు అని అడిగారు. ఆగిన రోజు ఎలా ఉంటుందమ్మా అని ఎవరూ అడగలేదు.

స్పెయిన్‌లో గుటియెరెజ్ బృందం, చక్రమెక్కి అలా చిక్కిపోతున్న ఎలుకలతో ఇంకో పని చేసింది. చక్రం తీసేయలేదు. గదిని 32 డిగ్రీలకి వెచ్చబరిచారు, మన దగ్గర ఫాల్గుణంలో మధ్యాహ్నం ఉండేంత. ఎలుకల పరుగు నెమ్మదించింది, తిండి పెరిగింది, పోయిన బరువు తిరిగొచ్చింది. చక్రం పక్కనే ఉంది.